కంప్యూటర్లో తెలుగు లిపి: సాంకేతిక కంపెనీలు, బహిరంగ ప్రమాణాలు

లిపి ఎవరి సొత్తు అన్న ప్రశ్న అచ్చుయంత్రం వచ్చిన కాలంలో సామాన్య పాఠకుణ్ణి బాధించలేదు. అక్షరాల పోతలు కొనుక్కున్న ముద్రాపకుడు వాటితో ఏ పుస్తకమైనా వేసుకోగలిగాడు. అచ్చయిన పుస్తకాన్ని చదవడానికి పాఠకుడికి ఆ పోతల సంగతి తెలియనవసరం లేదు. కంప్యూటర్ వచ్చాక ఈ స్థితి మారింది. తెర మీద కనిపించే ప్రతి అక్షరం వెనక ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యల వరసను అక్షరరూపంగా కూర్చే ప్రోగ్రాము ఒకటి, ఆ రూపాలను నిలవచేసుకున్న ఫాంటు ఒకటి ఉంటాయి. రాసేవారి దగ్గరా, చదివేవారి దగ్గరా ఈ మూడూ ఒకే ఒప్పందాన్ని పాటించకపోతే రాసింది చదవడం సాధ్యం కాదు.

ఈ మూడింటినీ తయారుచేసినవాటిలో పెద్ద పెద్ద వ్యాపార సంస్థలున్నాయి. వాటిలో చాలా భాగాన్ని అవి అందరికీ ఉచితంగా విడిచిపెట్టాయి. ఎందుకు విడిచిపెట్టాయి, అందులో తెలుగుకు దక్కింది ఏమిటి, దక్కకుండా పోయింది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇది దూరపు విషయం కాదు. బడిలో మరో లిపి నేర్చుకొని, తెలుగును ఇంట్లోనూ ఫోనులోనూ మాత్రమే చదివి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అలాంటివారికి ఫోనులో అక్షరం సరిగా రాకపోతే లిపితో ఉన్న సంబంధమే సన్నగిలుతుంది.

1. రెండు మాటలు, రెండు అర్థాలు

ముందుగా రెండు మాటలను విడదీసి చూడాలి. ఓపెన్ స్టాండర్డ్ అంటే బహిరంగ ప్రమాణం. ఒక పని ఏ పద్ధతిలో జరగాలో రాసిపెట్టి, ఎవరైనా చదివి పాటించడానికి వీలుగా ప్రకటించిన ఒప్పందం అది. ఓపెన్ సోర్స్ అంటే ఒక ప్రోగ్రామును రాసిన అసలు పాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదువుకొని, మార్చుకొని, పంచుకొనే హక్కుతో విడుదల చేయడం. సంతలో మానిక ఎంత ఉండాలో అందరూ ఒప్పుకోవడం మొదటిది. ఆ మానికను చేసే పనితనాన్ని దాచుకోకుండా చూపించడం రెండవది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉంటుందని చెప్పలేము. తెలుగు విషయంలో ఈ తేడా ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

ఈ రెండవ ధోరణికి ఆద్యులు కంపెనీలు కావు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ అనే కార్యక్రమాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించారు. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వచ్చింది. నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది కూడా ఆ సంవత్సరమే. అంటే వ్యక్తులు వేసిన దారిలోకి కంపెనీలు తరువాత వచ్చాయి. లిపి ప్రమాణాల విషయంలో మాత్రం కంపెనీలు మొదటి నుంచే ఉన్నాయి. ఈ రెండు చరిత్రలు కలిసినచోటే నేటి తెలుగు ఫోను ఉంది.

2. ఇస్కీ కాలం

కంప్యూటర్ అక్షరాలను సంఖ్యలుగానే గుర్తుపెట్టుకొంటుంది. 1963లో అమెరికాలో ప్రకటించిన ఆస్కీ అనే ప్రమాణంలో 128 స్థానాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు అవి చాలాయి. ఇతర లిపులకు అందులో చోటు లేదు. మన దేశంలో ఎలక్ట్రానిక్స్ శాఖ 1980లలో ఈ సమస్యను చేపట్టింది. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై పుణెలోని సి-డాక్‌లో కొనసాగిన కృషితో ఇస్కీ అనే సంకేతావళి రూపొందింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో దాన్ని ఐ.ఎస్. 13194 అనే జాతీయ ప్రమాణంగా స్వీకరించింది.

ఇస్కీలోని ఊహ భాషాశాస్త్ర దృష్టితో చూస్తే చాలా చక్కనిది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపుల రూపాలు వేరైనా వర్ణక్రమం దాదాపు ఒకటే. కాబట్టి 'క' అనే వర్ణానికి తెలుగులోనూ, కన్నడంలోనూ, ఒడియాలోనూ, దేవనాగరిలోనూ ఒకే సంఖ్య ఇచ్చారు. ఏ లిపిలో చూపించాలో చెప్పే గుర్తును పాఠం మధ్యలో విడిగా ఉంచారు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఆ గుర్తు జారిపోతే అదే పాఠం మరో లిపిలో కనిపిస్తుంది. ఒకే పుటలో తెలుగు, ఒడియా కలిపి రాసుకోవలసిన బరంపురం విద్యార్థికి ఈ ఏర్పాటు నమ్మదగినది కాలేదు.

ఇస్కీ జాతీయ ప్రమాణమైనా అచ్చురంగం దాన్ని పూర్తిగా అనుసరించలేదు. డి.టి.పి. ప్రోగ్రాములు అమ్మిన సంస్థలు తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను తమకు తోచిన వరసలో ఫాంట్లలో పేర్చుకున్నాయి. ఒక సంస్థ ఫాంటులో టైపు చేసింది మరో సంస్థ ఫాంటులో అర్థం లేని గుర్తుల గుంపుగా కనిపించేది. మా విభాగంలో 1990లలో సేకరించిన మాండలిక పదపట్టికలను అలాంటి ఫాంటులోనే టైపు చేయించారు. దాన్ని అమ్మిన సంస్థ ఆ ప్రోగ్రామును కొనసాగించడం మానేశాక ఫైళ్ళు ఉండి కూడా చదవలేని స్థితి ఏర్పడింది. కాగితం మీద ప్రతి ఒకటి మిగలబట్టి మళ్ళీ మొదటి నుంచి టైపు చేయించుకోగలిగాము. మూసి ఉంచిన పద్ధతి వల్ల నష్టపోయేది అమ్మినవారి కన్నా రాసుకున్నవారే అని చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

3. యూనికోడ్ పుట్టుక

ఇదే కాలంలో అమెరికాలో కంపెనీలకు మరో రకమైన ఇబ్బంది ఎదురైంది. జపానుకు ఒక సంకేతావళి, అరబ్బు దేశాలకు ఒకటి, రష్యాకు ఒకటి. ప్రతి దేశానికీ ప్రోగ్రామును తిరగరాయవలసి వచ్చేది. 1987లో జిరాక్స్‌లో పనిచేస్తున్న జో బెకర్, ఆపిల్‌లో పనిచేస్తున్న లీ కాలిన్స్, మార్క్ డేవిస్ ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతావళి గురించి చర్చించడం మొదలుపెట్టారు. 1988లో బెకర్ రాసిన ప్రతిపాదనలో యూనికోడ్ అనే పేరు ఉంది. 1991 జనవరిలో యూనికోడ్ కన్సార్టియం కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. ఆపిల్, జిరాక్స్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, సన్ వంటి పోటీదారులు అందులో ఒకచోట కూర్చున్నారు. గ్రంథాలయాల సంఘం కూడా వారితో చేరింది. ఆ సంవత్సరం అక్టోబరులో వెలువడిన మొదటి సంపుటంలోనే తెలుగు ఉంది. 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 10646 సంఖ్య గల ప్రమాణంతో ఇది ఏకమైంది.

తెలుగుకు ఆ చోటు ఎలా దక్కింది? యూనికోడ్ వారు భారతీయ లిపులను కొత్తగా పరిశోధించి పేర్చలేదు. 1988 నాటి ఇస్కీ ముసాయిదా వరసనే తీసుకొని, ఒక్కొక్క లిపికీ విడిగా 128 స్థానాలు కేటాయించారు. ఆ వరస ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం ఈ క్రమంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒడియా 'క' నుంచి తమిళ 'క'కు 128, తమిళం నుంచి తెలుగుకు 128, తెలుగు నుంచి కన్నడానికి మరో 128 స్థానాల దూరం. మన పొరుగు లిపులే యూనికోడ్‌లోనూ మన పొరుగు. ఒక లిపి నుంచి మరొక లిపికి మార్చడం చాలావరకు కూడిక, తీసివేతలతో అయిపోయే పని. ఒకే పుటలో నాలుగు లిపులు రాసినా ఒకటి మరొకటిగా మారిపోయే భయం లేదు.

కాబట్టి దాత ఎవరు, గ్రహీత ఎవరు అన్నది ఇక్కడ అంత తేలిక ప్రశ్న కాదు. కంపెనీలు వేదికను, ప్రపంచ వ్యాప్తిని ఇచ్చాయి. అక్షరాల అమరికను మన ప్రజల సొమ్ముతో నడిచిన పరిశోధన ఇచ్చింది. సాంకేతిక కంపెనీల విరాళంగా లెక్కకు వచ్చే ఈ పనిలో మన దేశపు పెట్టుబడి కూడా ఉందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

4. విడిచిన అక్షరాలు

ఇస్కీ నుంచి సౌకర్యాలతో పాటు లోపాలు కూడా యూనికోడ్‌లోకి వచ్చాయి. తెలుగులో చాప, చుక్క, చోటు అన్నప్పుడు పలికే చకారం వేరు. చెట్టు, చీమ అన్నప్పుడు పలికేది వేరు. జొన్న, జుట్టు అన్నప్పటి జకారానికీ జీలకర్రలోని జకారానికీ అదే తేడా. మొదటి రకాన్ని దంత్యమని, రెండవ రకాన్ని తాలవ్యమని అంటాము. మరాఠీలో కూడా ఇలాంటి తేడా ఉందని మహారాష్ట్రలోని మన విద్యార్థులకు చెవి ద్వారానే తెలుసు. తెలుగులో దంత్యాలను చూపడానికి ౘ, ౙ అనే అక్షరాలు ఉన్నాయి. పాత నిఘంటువుల్లో, వ్యాకరణాల్లో వీటిని వాడారు. ఇవి ఇస్కీలో లేవు. అందుచేత 1991 నాటి యూనికోడ్‌లోనూ లేవు.

వీటికి చోటు దొరికింది 2008 ఏప్రిల్‌లో వచ్చిన 5.1 సంపుటంలో. అదే సంపుటంలో అవగ్రహం, ఌకార ౡకారాల గుణింతపు గుర్తులు చేరాయి. పాత లెక్కల్లో నాలుగో వంతుల చొప్పున విభజించి రాసే భిన్నాంకాలు, వాటిలో సున్నకు గుర్తయిన హళ్ళి, ధాన్యం కొలతకు గుర్తయిన తూము కూడా చేరాయి. మొత్తం 13 గుర్తులు. శాసనాల్లో కనిపించే ఴకారం 2014లోనూ, మరో ప్రాచీన రేఫభేదం 2015లోనూ, నకారపొల్లు 2021లోనూ వచ్చాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ చేర్పులకు మూలం కంపెనీల వ్యాపార అవసరాలు కావు. ప్రాచీన గ్రంథాలు, శాసనాలు, లెక్కల పుస్తకాలు చూసి, అచ్చు ఆధారాలు జతపరచి ప్రతిపాదనలు రాసిన వ్యక్తుల శ్రమ ఇది. యూనికోడ్‌లో ఓటు హక్కు రుసుము చెల్లించే సభ్యులదే. కంపెనీలతో పాటు భారత ప్రభుత్వం కూడా సభ్యత్వం తీసుకుంది. ప్రతిపాదన పంపే హక్కు మాత్రం అందరిదీ. తలుపు తెరిచి ఉన్నా లోపలికి వెళ్ళి అడిగేవారు లేకపోతే ఆ అక్షరం బయటే ఉండిపోతుంది. ౘకారం 17 సంవత్సరాలు అలాగే ఉండిపోయింది.

5. ప్రమాణం ఉంటే చాలదు

అక్షరాలకు సంఖ్యలు దొరికినంత మాత్రాన తెలుగు తెర మీదికి రాదు. 'స్త్రీ' అనే మాటను తీసుకోండి. కంప్యూటర్లో ఇది ఆరు సంకేతాల వరస: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘపు గుడి. చదువరికి కనిపించేది ఒకే అక్షరం. వరసలో చివరనున్న గుడి తెర మీద మొదటి సకారం నెత్తి మీదికి ఎక్కాలి. తకారం, రకారం ఒత్తులుగా మారి తమ తమ చోట్లలో సర్దుకోవాలి. ఇంగ్లీషుకు ఈ పని అవసరం లేదు. తెలుగుకు ప్రతి పంక్తిలోనూ కావాలి.

ఇందుకు అవసరమైన సూచనలను ఫాంటులోనే పొందుపరచే ఓపెన్‌టైప్ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్, అడోబీ కంపెనీలు 1996లో ప్రకటించాయి. 2007లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటుతో తెలుగు కనిపించింది. ఓపెన్‌టైప్ బహిరంగ ప్రమాణమే. కానీ విండోస్‌లో ఆ సూచనలను చదివి అక్షరాలను కూర్చే ప్రోగ్రాము సోర్స్ కోడ్ బహిరంగం కాదు. ప్రమాణంలో స్పష్టంగా చెప్పని సందర్భాల్లో ఏం చేయాలో ఆ ప్రోగ్రాముకే తెలుసు. మొదటి భాగంలో చెప్పిన తేడా ఇదే. మానిక కొలత అందరికీ తెలుసు, చేసే విధానం ఒకరికే తెలుసు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో ఇదే పనిని కొంతకాలం ఎవరికి వారు వేరువేరుగా చేసుకున్నారు. తరువాత ఆ ప్రయత్నాలు హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి ప్రోగ్రాముగా కలిశాయి. పారశీకంలో ఆ పేరులోని మొదటి మాటకు అక్షరమని, రెండవదానికి తెరచినదని అర్థం. మొదట రెడ్ హ్యాట్ కంపెనీలోనూ, తరువాత గూగుల్‌లోనూ ఉద్యోగం చేసిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ దీనికి ప్రధాన కర్త. మొజిల్లా వారూ తోడ్పడ్డారు. జీతం కంపెనీలది, ఫలితం అందరిది. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దీన్నే వాడుకొంటున్నాయి.

ఇది తెలుగును సరిగా కూరుస్తోందో లేదో తెలుసుకోవడానికి వికీపీడియా నుంచి పదాలు తీసుకున్నారు. తొమ్మిది లక్షలకు పైగా తెలుగు పదరూపాలను ఒక్కొక్కటిగా విండోస్ ప్రోగ్రాము ఫలితంతో పోల్చి చూశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో జీతం లేకుండా వ్యాసాలు రాసినవారికి తమ మాటలు ఇలా ఒరగల్లుగా ఉపయోగపడతాయని తెలిసి ఉండదు. విభక్తులు, ఆమ్రేడితాలు, సంధులు కలిసిన సహజమైన మాటలు అంత పెద్ద సంఖ్యలో మరెక్కడ దొరుకుతాయి? రాసినవారు ఇచ్చింది కూడా సాంకేతిక విరాళమే.

మూసి ఉన్న ప్రోగ్రాము విషయంలో ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాము. 'జ్ఞా' అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని విభజన చిహ్నం ఉంచి పంపితే ఐఫోన్లలో ప్రోగ్రాములు ఆగిపోయాయి. ప్రపంచ పత్రికల్లో తెలుగు అక్షరం పేరు అలా వినిపించింది. ఆపిల్ ఆ నెల 19న కొత్త సంపుటి విడుదల చేసి లోపాన్ని సవరించింది. ఆలస్యం చేసిందని అనలేము. అయితే లోపం ఎక్కడుందో వెతకడానికి, సవరించడానికి ఆ కంపెనీ వారికి తప్ప మరెవరికీ వీలు లేదు. తెలుగు బాగా తెలిసిన వేలాది ఇంజనీర్లు చూస్తూ ఉండవలసిందే.

6. ఫాంట్లు

ఫాంటు గీయడం శ్రమతో కూడిన పని. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ గీసి సరిచూడాలి. మార్కెట్టు చిన్నదైతే ఆ శ్రమకు డబ్బు రాదు. ఈ లోటును తొలి రోజుల్లో వ్యక్తులే తీర్చారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలి ఆసరాలలో చెప్పుకోదగినవి. వాటిని ఆయన ఉచితంగా పంచారు. తరువాత రెడ్ హ్యాట్ కంపెనీ లోహిత్ పేరుతో భారతీయ భాషల ఫాంట్లను విడుదల చేసింది. అందులో తెలుగూ ఉంది.

గూగుల్ చేపట్టిన నోటో అనే ఫాంట్ల మాల ఇంకా విస్తృతమైనది. ఫాంటు లేనప్పుడు తెర మీద కనిపించే ఖాళీ గళ్ళను ఆ రంగంలో టోఫూ అంటారు. అవి ఉండకూడదన్న ఆశయమే ఆ పేరులో ఉంది. 2016 అక్టోబరులో ప్రకటించిన నాటికి అది 800కు పైగా భాషలకు సరిపోయింది. వాణిజ్యపరంగా ఏ లాభమూ తేలేని లిపులకు కూడా అందులో చోటు ఉంది. ఆదిలాబాదు ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికీ నోటో ఫాంటు ఉంది.

మండలి, గిడుగు, సురన్న వంటి ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ బహిరంగ లైసెన్సుతో అందించింది. అవి గూగుల్ ఫాంట్ల కోశంలో అందరికీ దొరుకుతున్నాయి. వీటి లైసెన్సు ప్రకారం ఫాంటును పుస్తకాలకు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. పట్టణంలో చిన్న పత్రిక నడిపే తెలుగు సంఘానికి ఇది ఎంత ఆదా అన్నది వేరే చెప్పనవసరం లేదు.

7. కంపెనీలు ఎందుకు ఇస్తాయి

ఇదంతా దాతృత్వమా? కాదు. కుట్రా? అదీ కాదు. చరిత్రను బట్టి చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. ఏ భాగాన్ని తాను ఒక్కడే దాచుకోవడం వల్ల ప్రత్యేక లాభం లేదో, దాన్ని పోటీదారులతో కలిసి నిర్మించుకోవడం ప్రతి కంపెనీకీ చవక. ఊరందరికీ నీళ్ళిచ్చే చెరువుకు ఆసాములందరూ కలిసి పూడిక తీయించినట్లే. ఎవరి పంట వారిదే, చెరువు మాత్రం ఉమ్మడి. ఐ.బి.ఎం. 2001లో లినక్స్ మీద వంద కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని ప్రకటించింది. తన యంత్రాలు, సేవలు అమ్ముకోవడానికి అది దోహదం చేసింది. ఒకప్పుడు లినక్స్‌ను తీవ్రంగా విమర్శించిన మైక్రోసాఫ్ట్ 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. 2018లో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు నిలయమైన గిట్‌హబ్‌ను కొన్నది. మనసు మారిందనడం కన్నా లెక్క మారిందనడం సబబు.

లాభం కోసం చేసిన పని ఒక్కొక్కప్పుడు ఊహించని చోట మేలు చేస్తుంది. జపాను ఫోన్లలోని బొమ్మల గుర్తులు, అంటే ఎమోజీలు, గూగుల్, ఆపిల్ ప్రతినిధుల పట్టుదలతో 2010లో యూనికోడ్‌లో చేరాయి. వాటిలో చాలా వాటికి మొదటి 65,536 స్థానాల అవతల చోటిచ్చారు. అంతవరకు ఆ అవతలి స్థానాలను పట్టించుకోని ప్రోగ్రాములు ఎమోజీల కోసం పట్టించుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం, అదే సంపుటంలో, ఆ అవతలి భాగంలోనే అశోకుని బ్రాహ్మీ లిపి చేరింది. నవ్వు ముఖం కోసం వేసిన బాట మీద శాసన లిపి కూడా నడిచింది.

కంపెనీల ఉద్దేశం కన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ కంపెనీ రేపు లేకపోతే, లేదా దాని ఆసక్తి మారితే, ఇచ్చింది మిగులుతుందా? భాషల ప్రకారం తేదీలు, అక్షరక్రమం వంటివి చూసే ఐ.సి.యు. అనే ప్రోగ్రాముల సముదాయాన్ని తీసుకోండి. దాని మూలాలు టాలిజెంట్ అనే సంస్థలో ఉన్నాయి. ఆ సంస్థ 1990లలోనే ముగిసిపోయింది. ఐ.బి.ఎం. ఆ పనిని 1999లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. 2016లో అది యూనికోడ్ కన్సార్టియం చేతికి వచ్చింది. సన్ కంపెనీ 2000లో ఓపెన్ఆఫీస్‌ను బహిరంగం చేసింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నాక, అదే సంవత్సరం ఆ కోడ్ నుంచే స్వచ్ఛంద బృందం లిబ్రెఆఫీస్‌ను మొదలుపెట్టింది. తెలుగు ముఖంతో అది నేటికీ దొరుకుతోంది. అచ్చుపుటను చదివి అక్షరాలుగా మార్చే టెసరాక్ట్‌ను హ్యూలెట్ ప్యాకర్డ్ 1985 నుంచి 1994 వరకు అభివృద్ధి చేసి పక్కన పెట్టింది. 2005లో బహిరంగం చేశాక గూగుల్ ఆదరించింది. అది ఇప్పుడు తెలుగును కూడా చదువుతుంది.

ఈ మూడు ఉదాహరణల్లోనూ మొదటి యజమాని తప్పుకున్నాడు; పని నిలిచింది. రెండవ భాగంలో చెప్పిన మా పదపట్టికల ఫాంటు విషయంలో యజమానితో పాటు పని కూడా పోయింది. కంపెనీల తోడ్పాటును కొలవడానికి నేను ఇంతకన్నా మంచి కొలత చూడలేదు. ఎంత ఇచ్చారన్నది కాదు, వారు వెళ్ళిపోయాక ఏం మిగిలిందన్నది చూడాలి.

8. మన వంతు

ఈ చరిత్ర నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల ఉన్న తెలుగు విద్యార్థులు తీసుకోవలసిన పాఠం ఒకటుంది. మన సంఖ్య చూసి ఏ కంపెనీ మన కోసం ప్రత్యేకంగా ఏమీ చేయదు. షోలాపూరు తెలుగుకో, హోసూరు తెలుగుకో వేరే మార్కెట్టు లేదు. అయినా బహిరంగ ప్రమాణాల వల్ల అక్కడివారి ఫోనులో తెలుగు హైదరాబాదులో ఉన్నంత బాగానే ఉంది. బహిరంగ వ్యవస్థలో మనకు దక్కిన లాభం ఇది. కానీ ఆ వ్యవస్థలోకి వెళ్ళేది ఎవరో ఒకరు రాసి ఇచ్చిందే. వికీపీడియాలో లేని మాట పరీక్షకు రాలేదు. ప్రతిపాదన రాని అక్షరం పట్టికలో చేరలేదు.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. తేదీలు, నెలల పేర్లు, దేశాల పేర్లు, లక్షలూ కోట్లూ విడగొట్టే పద్ధతి వంటి వివరాలను యూనికోడ్ వారు సి.ఎల్.డి.ఆర్. అనే కోశంలో భాషల వారీగా సేకరిస్తారు. 2004 నుంచి అది వారి ఆధ్వర్యంలో ఉంది. తెలుగు వివరాలను పరిశీలించి, సవరణలు సూచించే అవకాశం బయటివారికీ ఉంది. మీ ప్రాంతపు తెలుగులో మాత్రమే వినిపించే మాటలను, వాటి ఉచ్చారణతో సహా, యూనికోడ్‌లో రాసి వికీపీడియా, విక్షనరీ వంటి బహిరంగ కోశాల్లో చేర్చవచ్చు. దంత్య చకారం పలికేచోట ౘ రాయండి. అందుకు ఇప్పుడు చోటు ఉంది. ఇంట్లో తాతల నాటి పద్దుల పుస్తకాలుంటే భిన్నాంకాల గుర్తులను పరిశీలించండి. పట్టికలో లేని గుర్తు కనిపిస్తే ఆ పుటను జాగ్రత్తగా ఫోటో తీసి, ఎక్కడిదో, ఎప్పటిదో రాసిపెట్టి మీ ఆచార్యులకు చూపించండి. ప్రతిపాదనకు కావలసిన ఆధారం అలాంటి పుటే.

ఇంట్లోనో, సంఘం కార్యాలయంలోనో పాత ఫాంట్లలో టైపు చేసిన పాటలు, సభల నివేదికలు, కుటుంబ చరిత్రలు ఉంటే వాటిని తెరవగల కంప్యూటర్ పనిచేస్తూ ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఈ పనికి కంపెనీల కోసం ఎదురుచూడనవసరం లేదు, ఎదురుచూసే వ్యవధి కూడా లేదు.